ముందు చక్రాల మీద చూపు

ఢిల్లీ కంటోన్మెంటులో ఆ క్వార్టర్ల ముందు బండి ఆపగానే కూరల భయ్యా చేసే మొదటి పని భానుశ్రీని అటు తిరగమనడం. "దీదీ, జరా ఉధర్ దేఖియే" అంటాడు తక్కెడ ఎత్తుతూ. ఆవిడ ఎదురింటి బాల్కనీలో ఆరేసిన స్వెటర్ల వైపు తిరుగుతుంది. ఆవిడ చూపు తక్కెడలో ఏ పళ్ళెం మీద పడితే ఆ పళ్ళెం దిగిపోతుంది మరి. ఓసారి అతను నష్టపోయాడు, ఇంకోసారి ఆవిడ నష్టపోయింది. ఆ తర్వాత ఇద్దరూ రాజీకొచ్చారు.

భానుశ్రీ చూపుకి బరువుంది. తాడేపల్లిగూడెంలో పుట్టిన దగ్గర్నుంచీ ఉంది, వాళ్ళమ్మకీ ఉంది. కొందరికి పిల్లికళ్ళు వస్తాయి, వీళ్ళింట్లో ఆడవాళ్ళకి బరువు కళ్ళు వస్తాయి, అంతే. ఆరేసిన బట్టలకి ఆవిడ క్లిప్పులు పెట్టదు. గాలి లేచినప్పుడు కిటికీలోంచి ఒకసారి చూసి వస్తుంది. ఆవిడ చూస్తుంటే పాలు పొంగవు. ఈ క్వార్టర్లో దిగిన రోజు పక్కింటి కృష్ణకుమారి గారు పద్ధతి ప్రకారం పాలు పొంగించాలని పొయ్యి మీద గిన్నె పెట్టారు. భానుశ్రీ భక్తిగా గిన్నె వైపే చూస్తూ నిలబడింది. పాలు మరిగి మరిగి కోవా అయ్యాయి గాని అంచు దాటలేదు. కృష్ణకుమారి గారు అందులోనే చక్కెర కలిపి అందరికీ తలో చెంచా పెట్టేసి, ఆ కార్యక్రమం అయిందనిపించారు.

మొగుడు హేమసుందర్ సైన్యంలో హవల్దారు, బళ్ళ వర్క్‌షాపులో మెకానిక్కు. పెళ్ళిచూపుల్లో భానుశ్రీ తలెత్తి చూసినప్పుడు అతను కూర్చున్న కుర్చీ కాళ్ళు వాకిట్లో మట్టిలోకి దిగబడ్డాయి. లేవడానికి ఇద్దరు మనుషులు చెయ్యిచ్చారు. బయటికొచ్చి "నాకు నచ్చింది" అన్నాడు. నచ్చకపోతే ఎలా లేచేవాడో అని బావమరుదులు ఇప్పటికీ ఆటపట్టిస్తారు.

అలాంటి మనిషి, ఐక్యరాజ్యసమితి వారి నీలం టోపీ పెట్టుకుని సోమాలియా వెళ్ళి డిసెంబరులో తిరిగొచ్చిన దగ్గర్నుంచి కూర్చోవడం మానేశాడు. అన్నం నిలబడి తింటాడు. గడ్డం గీసుకుంటూ గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి గదిలోకి తిరుగుతాడు. టీవీలో వార్తలు గుమ్మంలోంచి చూస్తాడు, ఒక చెప్పు వేసుకునే ఉంటాడు. ఎక్కడికండీ అంటే ఎక్కడికీ లేదంటాడు. భానుశ్రీ అతన్ని చూసి చూసి, ఒకరోజు పెరుగన్నం పెడుతూ మొహంలోకి పూర్తిగా చూసింది. అతని మోకాళ్ళు వంగాయి. గోడ పట్టుకున్నాడు.

"అలా చూడకు భానూ. మోయలేకపోతున్నాను."

ఆ రోజు నుంచి ఆవిడ అతన్ని చూడటం మానేసింది. మాట్లాడుతుంది, నవ్వుతుంది, కంచం అందిస్తుంది, కాని కళ్ళు మాత్రం అతని బూట్ల మీదో, పక్కనున్న గోడ మీదో ఉంటాయి. మొగుడి మొహం మర్చిపోతానేమోనని ఆవిడకి భయం పట్టుకుంది.

తోటివాళ్ళు అక్కణ్ణుంచి వీసీఆర్లూ కెమెరాలూ తెచ్చుకుంటే ఇతను దారిలో మొంబాసా రేవులో ఒక కొట్లో రిమోట్ కారు కొన్నాడు. బగ్గీ అంటారట. మూరెడు పొడవు, ముళ్ళముళ్ళ టైర్లు, పైన పల్చటి ప్లాస్టిక్ డొప్ప. మోటారూ బ్యాటరీ వెనక వైపు ఉంటాయి, తిప్పేవి వెనక చక్రాలు. ముందు చక్రాలకి దారి మళ్ళించడం తప్ప వేరే పని లేదు. రిమోటు చిన్న తుపాకీలా ఉంటుంది, మీట మీద చూపుడువేలు పెట్టి నొక్కితే బండి పరుగెడుతుంది. హేమసుందర్ నిలకడగా ఉండేది దాన్ని నడిపే ఆ కాసేపే.

ఆదివారాలు వసంత్ కుంజ్ ఫ్లాట్ల వెనక, తుమ్మ చెట్ల మధ్య ఖాళీ జాగాలో పందేలు జరిగేవి. నెహ్రూ ప్లేస్‌లో సాఫ్ట్‌వేర్ పని చేసే భరద్వాజ్ అనే హైదరాబాదు కుర్రాడు, ఇంకో పదిమంది పంజాబీ, బెంగాలీ మిత్రులు కలిసి మట్టిలో మలుపులు తవ్వుకున్నారు. భానుశ్రీ వస్తే మడత కుర్చీ ఒకటి ట్రాక్‌కి వీపు పెట్టి వేస్తారు. ఆవిడా మారు మాటాడకుండా కూర్చుని, తుమ్మచెట్ల వైపు చూస్తూ స్వెటర్ అల్లుకుంటుంది. పందెం మాత్రం చెవులతో వింటుంది.

హేమసుందర్ బండి తిన్నగా పోయేచోట అందరికన్నా ముందుండేది. చివర వెనక్కి మళ్ళే పెద్ద మలుపు దగ్గరికి వచ్చేసరికి, ముందు చక్రాలు పక్కకి తిరిగినా బండి మాత్రం తిన్నగానే పోయి తుమ్మకంపలో పడేది. ప్రతిసారీ అంతే.

"అన్నా, నీ బండికి ముందట బరువు లేదు," అనేవాడు భరద్వాజ్. "టైర్లు తిరుగుతున్నయ్, నేలని పట్టుకుంటలేవు. ఎన్క మోటారు నూకుతనే ఉంది. అది యాడ తిరుగుతది?"

వారమంతా అదే ధ్యాస. బ్యాటరీని ముందుకి జరిపాడు. జీపు చక్రాలకి కొట్టే సీసం ముక్కల్ని కోసి ముక్కు కింద అంటించాడు. ముందు స్ప్రింగులు తీసేసి బాల్‌పెన్నుల్లోని మెత్తటివి వేశాడు. ముందు చక్రాల కొసల్ని కాస్త బయటికి విప్పి బిగించాడు. సీసం ఎక్కువైతే బండి తోక విసిరి గిరగిరా తిరిగేది, తగ్గిస్తే మళ్ళీ కంపలోకే. తీసి బిగించి, బిగించి తీసి, ఇంట్లో ఏ గిన్నెలో చూసినా మరలే. పప్పులో కూడా ఒకటి వచ్చింది.

మార్చి మొదట్లో ఒక గురువారం సాయంత్రం అతను చెంబుతో మొహం కడుక్కుంటూ చెప్పాడు.

"అంగోలాకి మనుషుల్ని పంపుతున్నారంట. బసవపున్నయ్య గారికి నా పేరు చెప్పాను. సోమవారం పొద్దున్న ఖాయమో కాదో చెప్పమన్నారు."

బసవపున్నయ్య గారంటే వాళ్ళ సుబేదారు, నరసరావుపేట మనిషి. మళ్ళీ పరాయి దేశం, మళ్ళీ ఏడాది. భానుశ్రీ చేతిలో తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది.

"వచ్చి మూడు నెలలేగా అయ్యింది."

"ఇక్కడ ఊపిరాడట్లేదు భానూ. అక్కడైతే ఏదో ఒక పనుంటది."

"నేనున్నాను కదండీ ఇక్కడ."

అతను తువ్వాలు తీసుకుని తుడుచుకుంటూనే మెట్లు దిగిపోయాడు. ఆవిడకి కోపం వచ్చింది, ఏడుపొచ్చింది. కావాలంటే గుమ్మంలో నిలబడి ఒక్క చూపు చూస్తే చాలు. స్కూటరు చక్రాలు రోడ్డులో దిగబడతాయి, అతను అడుగు తీసి అడుగు వేయలేడు. వాళ్ళమ్మ అలాగే చేసింది. నాన్న నాటకాల కంపెనీతో పోతానని బయల్దేరిన రోజున అరుగు మీదే ఆపేసింది, ఆపి మళ్ళీ కళ్ళు తిప్పుకోలేదు. ఆయన బతికినన్నాళ్ళూ ఆ అరుగు మీద రుబ్బురోలులా ఉన్నాడు. అలాంటి మొగుడు భానుశ్రీకి అక్కర్లేదు. కదిలే మనిషి కావాలి, కాని ఉండాలి. ఆ రెండూ ఒకచోట ఎలా కుదురుతాయో ఆవిడకి తెలియలేదు.

శనివారం మధ్యాహ్నం క్వార్టర్ల వెనక సందులో అతను రెండు ఇటుకలూ ఒక నీళ్ళ డబ్బా పెట్టి మలుపు చేశాడు. బండి ఓసారి గోడకి, ఓసారి గులాబీ కుండీకి గుద్దుకుంది. ఆఖరికి విసుగెత్తి పైకి చూసి కేకేశాడు.

"భానూ, కిందకి రా. దీని ముక్కు మీద చూడు. కారునే, నన్ను కాదు."

ఆవిడ వచ్చి ఇటుకల పక్కన నిలబడింది. అతను మీట నొక్కాడు. బండి మలుపులోకి వస్తుండగా ఆవిడ ముందు చక్రాల మీద చూసింది. ముక్కు నేలకి అతుక్కుని, బండి చీపురుతో తోసినట్టు చటుక్కున తిరిగింది. తిరిగింది గాని అక్కణ్ణుంచి బయటపడలేదు. బరువంతా ముందే ఉండిపోయేసరికి వెనక చక్రాలు ఊరికే దుమ్ము రేపుతూ తిరిగాయి, తోక ఊడిపోయినట్టు బండి వెనక్కి తిరిగి నిలబడింది.

"చూపు తీసెయ్యాలి, తిరగ్గానే తీసెయ్యాలి," అన్నాడు.

మళ్ళీ చేశారు. బండి మలుపులోకి వచ్చేటప్పుడు ఆవిడ చూసి, మలుపు సగంలో కళ్ళు తిప్పుకుంది. బండి ముక్కుతో తిరిగి, తోకతో తోసుకుని, తిన్నగా వెళ్ళిపోయింది. అతను నవ్వాడు. ఆ నవ్వు విని ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. నాలుగైదుసార్లు అలాగే ఆడారు.

బరువు సంగతి భానుశ్రీకి ఒకరు చెప్పక్కర్లేదు. ఏది ఎక్కడ తేలికై ఎక్కడ బరువెక్కుతుందో చిన్నప్పటి నుంచీ ఆవిడకి తెలుస్తూనే ఉంటుంది. బండిని చూసినంతసేపూ ఆవిడ మోటారు చప్పుడుని బట్టి అతని వేలిని కూడా కనిపెట్టింది.

"రేపు అక్కడ నన్ను చూడనివ్వరు కదండీ. నేను అక్కర్లేదు కూడా. మలుపు ముందు మీ వేలు వదిలితే దాని బరువు అదే ముందుకొస్తుంది. తిరిగాక నొక్కితే వెనక్కి పోతుంది. మీరు వదలట్లేదు."

"మలుపు దగ్గర వదలకూడదు," అన్నాడు వెంటనే.

"ఎవరు చెప్పారు?"

అతను రిమోటుని రెండు చేతుల మధ్యా తిప్పుతూ నిలబడ్డాడు.

"అక్కడ కాన్వాయిలో రూలు. తుపాకులతో కాచుకునేవాళ్ళు మలుపులోనే కాచుకుంటారు. ఏది అడ్డొచ్చినా యాక్సిలరేటర్ మీంచి కాలు తీయకూడదు. నా ముందు లారీలో దశరథ్ తీశాడు. మేక అడ్డొచ్చిందని తీశాడు." బూటు కొసతో ఒక ఇటుకని సరిచేశాడు. "మేకకేం కాలేదు."

ఆవిడ ఇన్నాళ్ళూ ఈ మాట వినలేదు. తలెత్తి అతన్ని చూడాలని మనసు లాగేసింది. మోయలేనన్న మనిషి గుర్తొచ్చి బూట్లనే చూసింది. బూట్లు కదులుతూనే ఉన్నాయి, ఇటో అడుగు, అటో అడుగు.

"ఇక్కడ ఎవరూ కాచుకుని లేరండీ," అంది మెల్లగా.

ఆదివారం ఆవిడ కుర్చీ మామూలుగానే వీపు పెట్టి వేశారు. మోటార్లు కీచుమంటూ లేచాయి. హేమసుందర్ బండి గొంతు ఆవిడకి తెలుసు, ఎక్కడా తగ్గని సన్నటి ఏడుపు. మొదటి చుట్టులో ఆ ఏడుపు అలాగే వెళ్ళి కంపలో ఆగింది. రెండో చుట్టూ అంతే. భరద్వాజ్ పరుగెత్తి బండి తీసి పెట్టాడు. "అన్నా, వదులు, జర వదులు" అని అరుస్తున్నాడు. భానుశ్రీ సూదులు ఆగిపోయాయి. వెనక్కి తిరిగి చూస్తే ఒక్క క్షణం పని. తిరగలేదు.

మూడో చుట్టులో పెద్ద మలుపు దగ్గర ఆ ఏడుపు తగ్గింది. గుటక వేసినంతసేపు చప్పుడు లేదు. ఆ తర్వాత మళ్ళీ లేచి, తిన్నగా, దూరంగా సాగిపోయింది. నాలుగో చుట్టులోనూ అలాగే. ఆవిడ స్వెటర్‌లో మొహం దాచుకుని ఏడ్చింది. ఎవరైనా అడిగితే దుమ్మని చెప్పొచ్చు, అక్కడ దుమ్ముకేం తక్కువ లేదు.

అతను మూడోవాడిగా వచ్చాడు. ఇంటికెళ్ళేటప్పుడు బగ్గీని ఆవిడ ఒళ్ళో పెట్టి స్కూటరు తీశాడు. ఆవిడ అంగోలా మాటెత్తలేదు. రింగురోడ్డు మలుపు దగ్గర మాత్రం స్కూటరు కాస్త నెమ్మదించినట్టు ఆవిడకి అనిపించింది.

సోమవారం పొద్దున్న అతను యూనిఫాం వేసుకుని, నిలబడే రెండు ఇడ్లీలు తిని, "వెళ్ళొస్తా" అన్నాడు. ఆవిడ పాలగిన్నె స్టవ్ మీద పెట్టి దాన్నే చూస్తూ "ఊఁ" అంది. కింద స్కూటరు స్టార్టయింది. ఆ చప్పుడు సందు చివరిదాకా పోయింది. అక్కడ తగ్గింది. చాలాసేపు అలా తగ్గే ఉంది. తర్వాత ఆగిపోయింది.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. అతను వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"భానూ. చూడు."

"ఏంటండీ?"

"నన్నే."

ఆవిడ పాలగిన్నె మీంచి కళ్ళు తీసి అతని బూట్లని, బెల్టుని, జేబు మీది పేరుని చూసుకుంటూ పైకొచ్చింది. మొహం దగ్గర ఒక్క క్షణం తటపటాయించి, పూర్తిగా చూసింది. ఇన్ని నెలలూ దాచుకున్న చూపంతా ఒక్కసారే పడింది. అతని భుజాలు దిగాయి. గోడ కోసం చెయ్యి చాపలేదు. స్టూలు మీద కూలబడ్డాడు, స్టూలు కిర్రుమంది, గచ్చులో చిన్న పగులొచ్చింది. చెవుల పక్కన నెరిసిన వెంట్రుకలు ఆవిడ అప్పుడే చూసింది. అతను రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, దశరథ్ పేరు చెప్పుకుని ఏడ్చాడు. ఏడుస్తున్నంతసేపూ కదలకుండా కూర్చున్నాడు.

ఏడుపు సర్దుకున్నాక భానుశ్రీ కళ్ళు కిటికీ వైపు తిప్పేసింది.

"లేవండి. ఆఫీసుకి టైమైంది."

"లేస్తా. బసవపున్నయ్య గారికి నా బదులు వేరేవాళ్ళని చూసుకోమని చెప్పాలి." లేవలేదు. ఎవరూ బలవంతం చేయకపోయినా ఇంకాసేపు కూర్చున్నాడు. "టీ ఏమన్నా ఉందా?"

అప్పుడు సుయ్యిమని చప్పుడైంది. ఇద్దరూ తిరిగి చూసేసరికి తెల్లటి నురుగు గిన్నె అంచు దాటి, స్టవ్ ఆర్పేసి, గట్టు మీంచి ధారగా కారి అతని బూటు దాకా వచ్చింది. ఇల్లంతా మాడిన పాల వాసన.

"ఏంటమ్మాయ్, ఏదో మాడుతోంది?" అని గోడ అవతల నుంచి కృష్ణకుమారి గారు కేకేశారు.

"ఏం లేదండీ," అంది భానుశ్రీ, మసిగుడ్డ చేతిలో పట్టుకుని తుడవకుండా నిలబడి. "పాలు పొంగాయి."