ఐలవ్వ నామినేషన్

ఐలవ్వ నాలుగుసార్లు అసెంబ్లీకి పోటీ చేసింది. రెండుసార్లు గెలిచింది, రెండుసార్లు ఓడింది. నాలుగుసార్లూ నేను ఆమె వెంట ఉన్నాను. నా పేరు దేవదాస్. చెన్నూరుకు కొంచెం ఎగువన, ప్రాణహిత ఒడ్డునున్న రేవుగూడెంలో మిషన్ వాళ్ల బడి పంతుల్ని. ఆమెకు సంతకం నేర్పింది నేనే. భయమంటే ఎరగని మనిషని ఇప్పటికీ జనం ఆమె గురించి చెప్పుకుంటారు. అది నిజం కాదు. ఐలవ్వ అంతగా భయపడిన మనిషిని నేను చూడలేదు.

ఆ భయం నలభై ఎనిమిదిలో మొదలైంది. పోలీసు చర్యకు ఇంకా రెండు నెలలుందనగా ఒక పట్టపగలు వాళ్ల వాకిట్లో మోటారు వచ్చి ఆగింది. ఆమె భర్త భూమన్న గుంటమగ్గంలో కూర్చుని పంచె నేస్తున్నాడు. నిజాంకు ఎదురుతిరిగి నది అవతల చాందా వైపు తలదాచుకున్న వాళ్లకు రొట్టెలు చేరవేస్తున్నాడని అతని మీద ఎవరో చెప్పారు. రజాకార్లు అతన్ని మగ్గంలోంచి పైకి లాగి తీసుకుపోయారు. నాలుగో రోజు ఇసుకలో శవం దొరికింది. ఆ తర్వాత మోటారు చప్పుడు వినిపిస్తే చాలు, ఐలవ్వ చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి గోడకు ఆనుకునేది. అది దాటిపోయేదాకా ఊపిరి పీల్చుకునేది కాదు.

యాభై రెండు ఎన్నికల్లో మా నియోజకవర్గానికి ఇద్దరు సభ్యులు. ఒక సీటు అందరిదీ, రెండోది హరిజనులది. ప్రతి మనిషికీ రెండు ఓట్లు. మొదటి సీటుకు లక్ష్మీకాంతరావు దొర నిలబడ్డాడు. చుట్టుపక్కల ఇరవై ఊళ్ల భూమి ఆయనది. రెండో సీటుకు తన మాట దాటని మనిషి ఆయనకు కావాలి. రజాకార్ల చేతిలో చనిపోయినవాడి పెండ్లామంటే జనానికి జాలి ఉంటుందని ఎవరో సలహా ఇచ్చారు.

కోటలాంటి తన ఇంటికి, గడీకి రమ్మని దొర కబురు వచ్చినప్పుడు ఆమె నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"ఏం తప్పు చేసిన్నో ఎరుక లేదు పంతులూ. జర నువ్వు సుత రా."

ఇద్దరం పోయాం. దొర అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె చెప్పులు దూరంగా విడిచి, వంగి నిలబడింది.

"ఐలీ, నిన్ను ఎలచ్చన్ల నిలబెడుతున్న."

ఆమెకు అర్థం కాలేదు. ఎండలో నిలబెట్టే శిక్ష అనుకుంది. "బాంచెన్ దొరా, ఎన్ని దినాలు?" అంది. అరుగు మీదివాళ్లంతా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆమె గెలిచింది. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. దొర మనుషులు ఒక ఓటు దొర పెట్టెలో, రెండోది ఆమె పెట్టెలో వేయించారు. ఐదేళ్లు హైదరాబాదులో అసెంబ్లీకి పోయింది. వెనక బెంచీలో, గోడ పక్కన కూర్చునేది. దొర చెయ్యెత్తితే ఎత్తేది, దించితే దించేది. ఒక్క మాట మాట్లాడలేదు. ఊరికి వస్తే మళ్లీ మగ్గంలోనే కూర్చునేది.

యాభై ఆరు ఎండాకాలంలో అంతా తలకిందులైంది. కౌలుదార్లకు హక్కులిచ్చే చట్టం వచ్చి అప్పటికి కొన్నేళ్లయింది. దాన్నుంచి భూమిని తప్పించడానికి దొర ఒక కాగితం రాయించాడు. పన్నెండు కుటుంబాలు తమ ఇష్టంతోనే భూమి వదులుకుంటున్నాయని అందులో ఉంది. ఆ కుటుంబాలన్నీ ఐలవ్వ వాడవే. సాక్షిగా ఎమ్మెల్యే సంతకం ఉంటే ఇక ఎవరూ ప్రశ్నించరు. గడీ ముందు ఊరంతా చూస్తుండగా ఆమె చేతికి కలం ఇచ్చారు.

ఆమె కలం పట్టుకుంది. చాలాసేపు అట్లాగే నిలబడింది. తర్వాత కలం కిందపడింది. "రాదు దొరా" అంది.

దొర ముఖం నల్లబడింది. ఊరు ఊరంతా గుసగుసలాడింది. దొర మొఖం మీదనే రాదన్నదట అని సాయంత్రానికల్లా ఆ మాట చెన్నూరు దాకా పోయింది. తర్వాత నేను ఆమెను అడిగాను.

"అట్ల ఎట్ల అన్నవు అక్కా?"

"నేనేడ అన్న పంతులూ! చెయ్యి వణికి అక్షరం రాలే. రాస్తానికి రాదు అన్న. నా సంతకం నీకు రాదన్ననని ఆయన అనుకున్నడు." ఆమె ఏడుస్తోంది. "నువ్వు పొయ్యి చెప్పు. పెడతనని చెప్పు."

నేను పోలేదు. పోయినా దొర వినేవాడు కాదు. ఆ పన్నెండు కుటుంబాలు అప్పటికే ఆమె గుమ్మం ముందు కూర్చున్నాయి. ఆడవాళ్లు ఆమె కాళ్లు పట్టుకున్నారు. వాళ్లకు నిజం చెప్పే ధైర్యం కూడా ఆమెకు లేకపోయింది.

తర్వాత ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. యాభై ఏడు మొదట్లో మళ్లీ ఎన్నికలు వచ్చాయి. దొర ఈసారి హరిజన సీటుకు తన పాలేరు కొమురెల్లిని నిలబెట్టాడు. ఆ పన్నెండు ఇళ్లవాళ్లు ఐలవ్వను దాదాపు ఎత్తుకుపోయి నామినేషన్ వేయించారు. ఉపసంహరణకు మూడు రోజుల గడువు. మూడో రోజు మధ్యాహ్నం మూడు గంటల్లోపు ఆమె చేత వాపసు కాగితం ఇప్పిస్తే కొమురెల్లికి పోటీ లేదు. నామినేషన్ వేసిన సాయంత్రమే ఆమె వాకిట్లో దొర జీపు ఆగింది. అప్పటికే నేను ఆమెను వెనక దారిన నది ఒడ్డు వెంట నడిపించుకుపోతున్నాను. ఆమె తమ్ముడు కొండల్ మందమర్రి గనిలో బొగ్గు కోసేవాడు. అతని గుడిసెలో దాచి, ఇంట్లో నా భార్య నిండు చూలాలు గనక నేను వెనక్కి తిరిగాను.

మూడో రోజు పొద్దున మంచిర్యాల స్టేషన్‌లో రైలు దిగాను. నామినేషన్లు తీసుకునే కచేరీలో ఏమవుతోందో కనుక్కుందామని వచ్చాను. ప్లాట్‌ఫారం మీద ఇద్దరు నా చెరో భుజం మీద చెయ్యి వేశారు. ఎవరూ నన్ను తిట్టలేదు. బియ్యం మిల్లు పక్క గదిలోకి తీసుకుపోయి కుర్చీ వేశారు. ఎదురుగా దొర కూర్చున్నాడు.

"ఏం పంతులూ, బడి మంచిగ నడుస్తుందా?"

"నడుస్తుంది దొరా."

"మీ ఇంటామెకు నెలలు నిండినయట గద?"

నేను తలెత్తాను.

"పొద్దున మనోళ్లు చూసిండ్రట. బాయికాడ ఒక్కతే నీళ్లు చేదుకుంటుందట. గిసోంటప్పుడు ఒక్కదాన్ని బాయికాడికి పంపుతరా? కాలు జారితే?"

ఆయన గొంతులో కోపం లేదు. మిల్లు చప్పుడుకు గోడ అదురుతోంది.  మగవాణ్ణి, చదువుకున్నవాణ్ణి, పదేళ్లుగా పిల్లలకు సత్యం పలకమని చెబుతున్నవాణ్ణి. ఐలవ్వ ఎక్కడని ఆయన అడగాల్సిన అవసరం కూడా రాలేదు.

"మందమర్రి. తమ్ముడి గుడిసె" అన్నాను.

నన్ను జీపులో వెనక కూర్చోబెట్టారు. దొర ముందు కూర్చున్నాడు. మందమర్రి దాకా నేను రోడ్డు వంక చూడలేదు. దారిలో బండి చెడిపోతే బాగుండునని మొక్కుకున్నాను. చెడిపోలేదు. కొండల్ గుడిసె ముందు ఆగింది. లోపల అతని భార్య ఒక్కతే పొయ్యి ముందు ఉంది.

"ఏదే నీ ఆడిబిడ్డ?"

"లేదు. పొద్దుగాల లేచేసరికే లేదు."

వాళ్లు చాపలు ఎత్తి చూశారు, బొగ్గుకుప్ప కెలికారు. ఆమె నిజంగానే లేదు. ఆ గుడిసె సంగతి నాకు తెలుసు, కొండల్‌కు తెలుసు, కొండల్ భార్యకు తెలుసు. ముగ్గురికి తెలిసిన చోట ఐలవ్వకు రాత్రంతా కన్ను మూతపడలేదట. తెల్లవారకముందే ఎవరికీ చెప్పకుండా లేచి, బొగ్గు లారీ ఎక్కి మంచిర్యాల వచ్చేసింది.

అప్పుడు దొర గడియారం చూసుకున్నాడు. ఒంటిగంట దాటింది. "కచేరీకి నడువుండ్రి. పోలీసులుంటరని ఆడికే పోయి ఉంటది" అన్నాడు.

ఆయన ఊహ తప్పు కాలేదు. ఎన్నికల అధికారి గదిలో, గోడ పక్కన, ఐలవ్వ నేల మీద ముడుచుకుని కూర్చుంది. ఆ అధికారి రాష్ట్రాలు కలిశాక రాజమండ్రి వైపు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు. పొద్దున్నే ఆమె వచ్చి, "సారూ, గంట మూడు కొట్టేదాంక నన్ను గీడ కూసోనియ్యుండ్రి, మీకు దండం పెడత" అందట. పోలీసులున్న చోటు, జనమున్న చోటు అదొక్కటే ఆమెకు తోచింది. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదని తర్వాత ఆయనే నాకు చెప్పాడు.

బయట జీపు ఆగిన చప్పుడుకు ఆమె గోడకు అతుక్కుపోయింది. కిటికీలోంచి మమ్మల్ని చూస్తూనే ఉంది. దొర లోపలికి వచ్చాడు. అధికారి లేవబోయి, ఆగి, మళ్లీ కూర్చున్నాడు.

"ఐలీ, లే."

ఆమె లేచింది. అలవాటు. దొర మనిషి బల్ల మీద కాగితం పరిచాడు. గడియారంలో రెండూ నలభై.

"ఈమె తన నామినేషన్ వాపసు తీసుకుంటుంది" అన్నాడు దొర అధికారితో. "సంతకం పెట్టు."

నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆమె కాళ్ల కింద నేల తడిసింది. అందరూ చూశారు.  ఆమె బల్ల దగ్గరికి వచ్చి కలం తీసుకుంది. నేను నేర్పిన మూడు అక్షరాల్లో మొదటిది రాసింది. 'ఐ'. వంకరగా, పెద్దగా వచ్చింది.

అధికారి ఆమె వైపు తిరిగాడు. "అమ్మా, ఒక్క మాట. ఇది మీరు మీ ఇష్టంతోనే ఇస్తున్నారా?"

ఆమెను 'మీరు' అన్న అధికారిని నేను అంతకుముందు చూడలేదు. ఆమె కలం ఆపింది. దొర వైపు చూసింది. 

"చెప్పు" అన్నాడు దొర.

"సారూ..." ఆమె గొంతు పిల్లి గొంతులా ఉంది. "నాకు భయమైతుంది సారూ. శాన భయమైతుంది. పెడుత. కని భయంతోని పెడుతున్ననని గా కాగితం మీదనే రాసుకోండ్రి."

 అధికారి కాగితం వైపు, దొర వైపు, ఆ తడి నేల వైపు చూశాడు.  ఊరికి కొత్త, నా అనేవాళ్లు లేరు. అయినా కాగితాన్ని నెమ్మదిగా ఆమె ముందు నుంచి లాగేశాడు.

"అట్లా రాసుకుంటే ఇది చెల్లదండీ" అన్నాడు దొరతో. "రాసుకోకుండా తీసుకుంటే నా ఉద్యోగం చెల్లదు."

"నేనెవరో ఎరికేనా నీకు?"

"తెలుసండీ. కూర్చోండి."

దొర కూర్చోలేదు. ఆ ఇరవై నిమిషాలూ ఆయన నిలబడే ఉన్నాడు, ఐలవ్వ నిలబడే ఉంది. ఆయన చూపు ఆమె మీద నుంచి కదల్లేదు. ఆమె కళ్లు మూసుకుని, రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని వణుకుతూనే ఉంది. మూడు కొట్టాక ఆయన వెళ్లిపోయాడు. జీపు చప్పుడు పూర్తిగా వినిపించకుండా పోయాక ఆమె కూలబడింది.

ఆ ఎన్నికలో ఆమె ఓడిపోయింది. ఓట్ల ముందు రోజు పన్నెండు ఇళ్లలో మూడు తగలబడ్డాయి. ఎవరు చేశారో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పలేదు. దొరా కొమురెల్లీ అసెంబ్లీకి పోయారు. ఆ అధికారిని ఆర్నెల్లలో ఎక్కడికో బదిలీ చేశారు. నా భార్యకు కొడుకు పుట్టాడు, క్షేమంగా.

అరవై రెండు నాటికి ఇద్దరు సభ్యుల పద్ధతి పోయింది. మా నియోజకవర్గం మొత్తం హరిజనులకే వచ్చింది. కచేరీలో జరిగింది ఊరూరా పాకింది గనక ఆమెను ఓడించడం ఎవరివల్లా కాలేదు. ఈసారి అసెంబ్లీలో మాట్లాడింది. ఎప్పుడు లేచినా కాళ్లు వణికేవి, ముందు బెంచీని పట్టుకుని మాట్లాడేది. పన్నెండు కుటుంబాల్లో ఐదింటికి భూమి పట్టా అయింది. మిగతా ఏడింటికి కాలేదు. అరవై ఏడులో ఒక కుర్ర వకీలు చేతిలో ఓడిపోయింది.

ఫలితం తెలిసిన రోజు ఆమె మగ్గంలో కూర్చుని ఉంది. నేను గట్టు మీద కూర్చున్నాను. పదేళ్లుగా గొంతులో అడ్డంపడ్డ మాట ఆ రోజు బయటికి వచ్చింది.

"అక్కా, ఆనాడు మందమర్రి అని చెప్పింది నేనే."

ఆమె పోగుల మధ్య నాడె ఆడించడం ఆపలేదు. "ఎరికే. జీపుల నుంచి దిగంగ కిటికీల చూసిన."

"ఇన్నేండ్లూ ఒక్క మాట అడగలే?"

"ఏమని అడగాలె పంతులూ? బెదిరిచ్చిండ్రా అని అడగాల్నా?" తెగిన పోగు వెతికి ముడి వేసింది. "నాకు ఒక్కటే కోపమచ్చింది. నువ్వు గుమ్మంలనే నిలబడ్డవు. లోపలికి వచ్చి నా పక్కన నిలబడితే జర బాగుండు."

  ఆమె మళ్లీ నాడె విసిరి, వాకిట్లో ఎండబెట్టిన నూలు ఎండిందో లేదో చూసి రమ్మంది. నేను లేచి వెళ్లాను.