ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ

గుడివాడలో మధుసూదనరావు గారికి రెండు రైసు మిల్లులు, ఒక కల్యాణ మంటపం ఉన్నాయి. లేనిదల్లా పడవ. అదీ కొన్నారు. గోవాలో ఎవరో విసిగిపోయి అమ్మేసిన తెరచాప పడవను లారీ మీద బందరు తెప్పించి గిలకలదిండి రేవులో కట్టించారు. తెరచాప మాత్రం ఏనాడూ విప్పలేదు. గాలి ఎటు తోస్తే అటు పోవడం తన హోదాకు తగదని ఆయన అభిప్రాయం. ఇంజను మీదే తిరిగేవారు.

షష్టిపూర్తి ఆ పడవ మీదే చేసుకోవాలని ఆయనకు బుద్ధి పుట్టింది. కానీ పాత బల్బులు గంట వెలిగితే చాలు, బ్యాటరీని నాకేసేవి. అన్నీ ఎల్ఈడీకి మార్చమని హనోకును పిలిపించారు.

హనోకు పదకొండేళ్లు ముంబైలో ఓడల మీద వైరింగు పని చేసి, బందరు వచ్చి కొట్టు పెట్టుకున్నవాడు. ఇక్కడ రిపేరుకొచ్చేవన్నీ మిక్సీలూ ఫ్యాన్లే. తనలోని ఓడ పనివాడిని ఈ ఊరు గుర్తించలేదని అతనికి లోలోపల ఒక బాధ. పడవ అనగానే ఉరికాడు.

పడవ నడిపే మార్కు అతన్ని తాడుకు కట్టిన పలక మీద కూర్చోబెట్టి, కప్పీతో తెరచాప స్తంభం పైకి లాగాడు. పైన తీగలు ఉప్పుగాలికి పచ్చబడి పొడిపొడిగా రాలుతున్నాయి. మెరిసే రాగి కనిపించేదాకా కోసుకుంటూ వచ్చి కొత్త దీపం బిగించాడు. వెలగలేదు. పాత బల్బుకు ప్లస్సూ మైనస్సూ పట్టింపు లేదు గానీ ఎల్ఈడీకి ఉంది. తీగలు అటూ ఇటూ మార్చేసరికి తెల్లగా వెలిగింది.

కింద నుంచి మధుసూదనరావు గారు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. "ఇంతేనా? గుడివాడ దాకా కనపడాలయ్యా!"

రెండో రోజుకు డెక్కు లైట్లు, క్యాబిన్ ముందు ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ దీపాలు కూడా అయిపోయాయి. అప్పుడు దిగాడు వీడియో తీసే కళ్యాణ్. ఒకసారి చుట్టూ తిరిగి పెదవి విరిచాడు.

"సార్, మేడమ్‌ది ఆకుపచ్చ పట్టుచీర. మీకు ఎడమవైపు నిలబడతారు. ఆ ఎర్ర లైటు పడితే చీర నల్లగా వస్తది. లైట్లు అటుదిటు మార్పించండి."

హనోకు గాభరా పడ్డాడు. "అవి అలంకారానికి కాదండీ. ఎదురొచ్చే పడవ వాటిని చూసే మనం ఎటు పోతున్నామో తెలుసుకుంటది. అమ్మగారు కుడివైపు నిలబడితే సరిపోద్ది కదండీ?"

"భార్య ఎడమవైపే ఉండాలయ్యా! అరవై ఏళ్లొచ్చాక సంప్రదాయం తప్పమంటావా?" అన్నారు ఆయన. తర్వాత గొంతు తగ్గించి, "ఒక్క సాయంత్రమే కదా. వీడియోలో నీ పేరు కూడా వేయిస్తా. మెరైన్ ఇంజనీర్ హనోకు అని" అన్నారు.

హనోకు ఆ మాటను నోట్లో మిఠాయిలా చప్పరించాడు. కాసేపటికి స్క్రూడ్రైవర్ తీశాడు.

షష్టిపూర్తి నాటి సాయంత్రం పొద్దు వాలాక ఇరవై మంది బంధువులతో, దీపాలు చూసుకోవడానికి హనోకుతో పడవ కదిలింది. స్తంభం నుంచి రంగు దీపాల దండలు వేలాడుతున్నాయి. పైన డ్రోన్ ఈగలా తిరుగుతోంది. ఆకుపచ్చ వెలుగులో రాజ్యలక్ష్మి గారి చీర నిజంగానే మెరిసింది.

అప్పుడే సముద్రం నుంచి సత్తయ్య చేపల బోటు తిరిగొస్తోంది. మసకచీకట్లో అతనికి ఒక ఎర్ర దీపం కనిపించింది. ఎరుపు కనిపించిందంటే ఆ పడవ తన ఎడమకు పోతున్నట్టు. దాని వెనకగా తప్పుకుందామని కుడికి తిప్పాడు. ఎరుపు కుడివైపుకు మారిన ఈ పడవ కూడా అటే వస్తోంది.

మార్కు కేక పెట్టి చుక్కాని తిప్పేశాడు. బోటు ఒరుసుకుంటూ పోయి రెయిలింగు వంచేసింది, దాని వల కొయ్యలు దీపాల దండలన్నీ పీకేశాయి. పైకి చూస్తూ డ్రోన్ తిప్పుతున్న కళ్యాణ్ కింద పడ్డాడు. డ్రోన్ సముద్రంలో పడింది. అదృష్టం బాగుండి ఎవరికీ దెబ్బ తగల్లేదు.

"ఎవడ్రా ఆ లైట్లు పెట్టింది?" సత్తయ్య అరుపు రేవంతా వినిపించింది. "నా బోట్లో ఆరుగురు ఉన్నారు!"

మధుసూదనరావు గారు తడుముకోకుండా హనోకును చూపించారు. "వీడే! ఇంజనీర్ననుకుంటాడు, కుడి ఎడమలు తెలీవు."

బంధువులందరి తలలూ ఇటు తిరిగాయి. హనోకు చెవులు మండిపోయాయి. వాళ్లందరి ముందూ అబద్ధమాడి పారిపోదామన్నా చుట్టూ నీళ్లే.

"నేనే పెట్టాను బాబాయ్," అన్నాడు సత్తయ్యతో. "తప్పని తెలిసే పెట్టాను. పెట్టమన్నది అయ్యగారు. పేరు వేస్తామంటే ఆశపడింది నేను."

రాజ్యలక్ష్మి గారు కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని తాపీగా నడిచి భర్తకు కుడివైపు వచ్చి నిలబడ్డారు.

"నన్ను అడిగితే మొన్ననే ఇటొచ్చేదాన్నిగా," అన్నారు. "నలభై ఏళ్లు ఎడమవైపు నిలబడితే ఒరిగిందేముంది? హనోకూ, ముందు ఆ దీపాలు మార్చవయ్యా. వీటిని నమ్ముకుని వెనక్కెట్టా పోతాం?"

టార్చి వెలుగులో హనోకు రెండు దీపాలూ విప్పి సరిచేసేదాకా పడవ అక్కడే ఆగింది. మధుసూదనరావు గారు ఫోన్‌లో సిగ్నల్ వెతుక్కుంటూ నిలబడ్డారు. ఇప్పుడా పడవ అమ్మకానికి ఉంది. చూడటానికొచ్చినవాళ్లకు లైట్లన్నీ కొత్తవని మొదటే చెబుతున్నారట.

షష్టిపూర్తి మర్నాడు పొద్దున్నే హనోకు సత్తయ్యకు క్షమాపణ చెప్పుకుందామని రేవుకు వెళ్లాడు. బోటెక్కి చూసి నోరు తెరిచాడు. కుడివైపు దీపం ఏనాడో పగిలిపోయింది. దాని చోట ఆకుపచ్చ కూల్‌డ్రింకు సీసా అడుగు కోసి మామూలు బల్బుకు తొడిగి ఉంది.

"ఇదేంది బాబాయ్? నిన్న నన్ను అన్నేసి మాటలన్నావే!"

సత్తయ్య బీడీ తీసి నవ్వాడు. "సీసా అయితే ఏందిరా? కుడివైపే కట్టాగా."

హనోకు సంచీ దించి, చొక్కా చేతులు మడిచి, సీసాకు చుట్టిన తాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు.