కాయలు రాలాల్సిన చోట

దగ్గరికి జరుగు బిడ్డా. ఇంకాస్త. నాది నూలు గొంతు, దూరానికి వినపడదు. ఆ ఫోను పక్కన పెట్టు. నడుమ నడుమ పక్కదారి పడతాను, విసుక్కోకు.

నేను ఒక జంపఖానాను. ఓరుగల్లు కొత్తవాడలో పుట్టాను. తొమ్మిది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఎర్రటి ఒంటి మీద నీలం చారలు, రెండు కొసలకూ తెల్ల కుచ్చులు. నన్ను నేసినాయన పేరు బాసాని ఓదెలు. మగ్గం మీద ఒంగి, ఇనుప పళ్ల పంజాతో పోగు మీద పోగు కొట్టి కొట్టి నన్ను గట్టిపరిచాడు. నాకు తెలిసిన చదువు ఆ దెబ్బలే. జ్ఞాపకం మాత్రం మెండు. నా మీద కూర్చున్న మనిషిని నేను మరచిపోను. మొహాలు నాకు అంతగా పట్టవు. బరువు తెలుసు, కూర్చునే తీరు తెలుసు. ఓరకు ఒదిగి కూర్చునేవాళ్లు, నడిమధ్య కాళ్లు బార చాపేవాళ్లు, పక్కవాళ్లకు చోటివ్వకుండా మోచేతులు పరిచేవాళ్లు. లేచిపోయేటప్పుడు అంచు సరిచేసి పోయే మనిషి ఎక్కడో ఒకరు.

మొదట నన్ను ఆర్మూరు దగ్గరి ఒక ఊరి మహిళా సంఘం కొన్నది. బీడీలు చేసే ఆడవాళ్లు, పసుపు తవ్వే ఆడవాళ్లు నెలకోసారి నా మీద కూర్చునేవారు. పట్నం నుంచి ఎవరో ఒక అధికారి కుర్చీలో కూర్చుని రెండు గంటలు మాట్లాడేవాడు. కింద కూర్చున్న వాళ్ల కాళ్లు తిమ్మిరెక్కేవి. ఒకనాడు కరపత్రం మీద ఎవరి పేరు ముందుండాలనే తగువు వచ్చి సంఘం రెండు ముక్కలైంది. నేను ఆ సంఘంలోని గంగామణి ఇంటికి చేరాను.

గంగామణి సన్నగా, ఎముకలు గట్టిగా ఉండే మనిషి. ముసలివాళ్లను చూసుకునే పనికి ఇజ్రాయెల్ పోయింది. మా దిక్కు నుంచి అలా పోయినవాళ్లు చాలామందే ఉన్నారు. పరుపు మీద నిద్ర పట్టదని నన్ను చుట్టి తాడుతో బిగించి విమానం ఎక్కించింది. అక్కడ ఆమె చూసుకోవలసిన ముసలమ్మ పేరు సిప్పోరా. ఎనభై నాలుగేళ్లు, పోస్టాఫీసు ఉద్యోగం చేసి రిటైరైంది, మోకాళ్లు పోయాయి, నోరు పోలేదు. గంగామణి ఆమెను అవ్వా అని పిలిచేది. వాళ్లు హిబ్రూ మాట్లాడినా అరబ్బీ మాట్లాడినా నాకు మాత్రం మా ఓరుగల్లు మాటగానే వినపడుతుంది. నేను విన్నట్టే నీకు చెబుతాను.

ఈ సిప్పోరా ముప్పై ఏళ్లుగా ఒక చిన్న శాంతి సంఘంలో ఉంది. ఆ సంఘంవాళ్లు అవతలి పాలస్తీనా ఊళ్లకు పోయి, ఆలివ్ కాయలు కోసే రోజుల్లో రైతులకు తోడు నిలబడతారు. తోడు ఎందుకంటావా? ఆ చేల పక్కన గుట్ట మీద, ఇవతలి నుంచి పోయి కొత్తగా ఇళ్లు కట్టుకున్న వాళ్లున్నారు. వాళ్లు రాళ్లు వేస్తారు, చెట్లు నరుకుతారు, కాయలు ఎత్తుకుపోతారు. తమ ఇవతలి మనుషులే అక్కడ ఉంటే కాస్త జంకుతారని ఆశ. మంచి ఆశే. నేను కాదనను.

అక్కడ ఉమ్ ఖలీల్ అనే రైతమ్మ ఉంది. ఖలీల్ తల్లి అని అర్థం. పెద్దకొడుకు పేరుతో తల్లిని పిలవడం వాళ్ల మర్యాద. చిన్నతనంలో ఇవతలి వైపు పండ్ల షెడ్డులో పని చేసినందువల్ల ఆమెకు వీళ్ల భాష వచ్చు. గుట్ట కింద, గుట్టవాళ్ల కంచె పక్కనే, ఆమెకు ముప్పై ఎనిమిది ఆలివ్ చెట్లున్నాయి. తన చెట్ల దగ్గరికి తాను పోవడానికి ఆమెకు సైన్యం అనుమతి కావాలి. ఏడాదికి రెండే రోజులు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా. వెనకటి రెండేళ్లు ఆ రెండు రోజులూ ఏదో ఒక సాకుతో రద్దయ్యాయి.

"ఈయేడు గిట్ల కొయ్యకపోతే, సాగు చేస్తలేరని రాసుకొని భూమి గుంజుకుంటరు," అని ఆమె సిప్పోరాకు ఫోనులో చెప్పింది. "మంది కావాలె. చేతులు కావాలె."

సిప్పోరా సంఘానికి చెప్పింది. నలభై మంది బయలుదేరారు. కాయలు రాల్చడానికి చెట్టు కింద పరచాలని గంగామణి నన్ను చంకన పెట్టుకుంది.

ఎనిమిదింటికి సైనికులు చేను గేటు తెరిచారు. చెట్లు కాయలతో ఒంగి ఉన్నాయి. రాలిన కాయలు పట్టడానికి ఉమ్ ఖలీల్ పంపిన ఆరు పరదాలు చెట్ల మొదట్లో మడతపెట్టి ఉన్నాయి. గంగామణి నన్ను ఒక చెట్టు కింద పరిచిందో లేదో, సంఘం పెద్ద ఎయాల్ వచ్చాడు. గడ్డం, మెత్తటి గొంతు, ఎప్పుడూ తల ఒక పక్కకు వాల్చి వినే మనిషి.

"ముందు మనం మనుషులుగా కలుసుకుందాం," అన్నాడు. "పని ఎటూ ఉంటుంది. గుండ్రంగా కూర్చుందాం."

నన్ను చెట్టు కింది నుంచి లాగి నేల చదునుగా ఉన్న చోట వేశారు. ఉమ్ ఖలీల్ పరదాలు ఆరూ తెచ్చి నా చుట్టూ వేశారు. బూట్లతో ఎక్కారు బిడ్డా. మట్టి బూట్లతో. మా దిక్కు దొంగ కూడా జంపఖానా ముందు చెప్పులు విడుస్తాడు. నా మీద పదిహేను మంది, మిగతావాళ్లు పరదాల మీద. కాయలు రాలాల్సిన గుడ్డ ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు.

ఎయాల్ జేబులోంచి నున్నటి రాయి తీశాడు. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలట, మిగతావాళ్లు మనసు పెట్టి వినాలట. రాయి తిరగడం మొదలైంది. ఒకామె తన అపరాధ భావన గురించి చెప్పి ఏడ్చింది. పక్కాయన ఆమె ఏడుపు తనకు ఎలా అనిపించిందో చెప్పాడు. ఒకతను ఇక్కడికి వచ్చాక తన లోపల ఏదో ముడి వీడిందన్నాడు. ఉమ్ ఖలీల్ ఊరి నుంచి వచ్చిన పెద్దమనిషి కూడా తక్కువేం తినలేదు, రాయి చేతికొస్తే అరగంట వదల్లేదు. ఉపన్యాసం కంఠతా వచ్చు ఆయనకు, ఎక్కడ గొంతు వణకాలో కూడా తెలుసు. ఫొటోలు తీసుకున్నారు, ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసి, వెనక చెట్లు కనపడేట్టు. నాకు ప్రాణమైన సిప్పోరాను కూడా వదలను. మడత కుర్చీలో, నా నడుం మీద నాలుగు కాళ్లు గుచ్చి కూర్చుని, వాళ్లమ్మ పోలెండు నుంచి ఎలా వచ్చిందో ఇరవై నిమిషాలు చెప్పింది. కమ్మగా చెప్పింది. అదే నాకు మరీ రోత పుట్టించింది.

కంచె దగ్గర తుపాకీ పట్టుకున్న సైనికుడు ఆవులిస్తూ గడియారం చూసుకున్నాడు. ఆ చేలో పొద్దు ఎంతయిందో చూసిన వాడు అతనొక్కడే.

గంగామణి ఆ గుంపులో కూర్చోలేదు. పసుపు తవ్విన చేతులు ఊరికే ఉండలేవు. చున్నీ నడుముకు జోలెలా కట్టుకుని ఒక్కతే కొమ్మలు దూస్తోంది. సగం కాయలు ముళ్లలోకి పోతున్నాయి. పదిన్నర దాటాక ఆమె వచ్చి నా అంచు పట్టుకుంది.

"లేవుండ్రి," అంది.

ఎవరూ కదల్లేదు. రాయి పట్టుకున్న పిల్ల ఆమెను చూసి నవ్వి, రాయి ఇవ్వబోయింది.

"నాకెందుకు రాయి? నాకు జంపఖానా కావాలె. అవ్వా, నువ్వు సుత లే. పసుపు తవ్వేనాడు ఎవ్వలన్న మీటింగ్ పెడుతరా? నాలుగింటికి గేటు మూస్తరంట."

వాళ్లు ఇంకా తల ఒక పక్కకు వాల్చి వింటూనే ఉన్నారు. గంగామణి ఒక్క గుంజు గుంజింది. ముగ్గురు వెల్లకిలా పడ్డారు. నా జన్మలో అంత సుఖం ఎరగను. అప్పుడు వాళ్లేం చేశారో తెలుసా? చప్పట్లు కొట్టారు. ఎయాల్ కళ్లు తుడుచుకుంటూ, "ఎంత నిజమైన స్పందన," అన్నాడు.

పదకొండుకు పని మొదలైంది. సంఘం మగవాళ్లు కర్రలతో కొమ్మలను బాదారు, వచ్చే ఏటి చిగుళ్లు కూడా రాలాయి. నేను తిరిగి చెట్టు కిందికి పోయాను. కాయలు టపటపా నా మీద పడ్డాయి, నల్లవి, పచ్చవి, నూనె వాసనతో. ఎన్నేళ్లుగానో పిరుదులు మోసిన ఒంటికి అది ఎలా ఉంటుందో నీకెలా చెప్పను.

ఒంటిగంటకు ఉమ్ ఖలీల్ వచ్చింది, తల మీద ఇత్తడి పళ్లెమంత గిన్నెతో, వెనక ఇద్దరు కోడళ్లతో. అన్నం, వంకాయ, కోడి ఒక్కటిగా వండి బోర్లించే వంటకం. నలభై మందికి. తెల్లవారకముందే లేచి ముగ్గురూ వండుతూనే ఉన్నారు. ఆ చేలో అందరికంటే చురుకైన ఆరు చేతులు పొద్దుటి నుంచీ పొయ్యి దగ్గరే ఉన్నాయి. ఆమె గిన్నె దించి చెట్ల వైపు చూసింది. వరసగా చూసుకుంటూ పోయి, ఐదో చెట్టు దగ్గర ఆమె చూపు ఆగింది. మిగతావి కాయలతో అలాగే ఉన్నాయి.

గంగామణి ఆమె దగ్గరికి పోయి మెల్లగా అంది. "అక్కా, ఈ దినం ఎందుకు వండినవ్? రొట్టె తెచ్చుకుందురు గద."

"నా చేనుకు వచ్చినోళ్లు ఉపాసం పోతే ఊర్ల నేను తలెత్తుకోవాల్నా బిడ్డా?"

అదీ సంగతి. వచ్చినవాళ్లకు మాట్లాడకపోతే తోచదు, పిలిచినామెకు పెట్టకపోతే పరువు పోతుంది. అందరూ మళ్లీ కూర్చున్నారు. మళ్లీ నా మీదే. రెండున్నర దాకా తిన్నారు, ఆమె చేతి వంటను పొగిడారు, ఎలా వండాలో రాసుకున్నారు. నాలుగింటికి సైనికుడు ఈల వేశాడు. ముప్పై ఎనిమిదిలో పదకొండు చెట్లు అయ్యాయి.

"రేపుంది గదా," అని అందరూ ఒకరికొకరు చెప్పుకున్నారు.

రెండో రోజు ఎనిమిదిన్నరకే గుట్ట మీది నుంచి ఇరవై మంది దిగారు, మొహాలకు గుడ్డలు కట్టుకుని. దేవుడి పేరు తలుస్తూ రాళ్లు వేశారు. ఆ మాట, ఆ పని ఒకే మనిషి నుంచి రావడం చూసి నా పోగులు కుంచించుకుపోయాయి. ఒకడు నా కొస కత్తితో చీరాడు. గంగామణి సిప్పోరాను తన ఒంటితో కప్పింది, రాయి తగిలి గంగామణి మోచేయి పగిలి రక్తం నా మీద కారింది. సైన్యం అధికారి ఒకాయన కాగితం పట్టుకుని వచ్చాడు. రాళ్లు వేసినవాళ్లను ఏమీ అనలేదు. గొడవ జరిగే చోటు కాబట్టి చేను మూసేస్తున్నాం, కోసేవాళ్లు వెళ్లిపోండి అన్నాడు. పోతూ పోతూ కాయలతో నిండిన ఇరవై ఏడు చెట్లనూ ఫొటోలు తీయించాడు.

ఏడాది తిరిగి మళ్లీ కోతల రోజులు రాబోతుండగా కాగితం వచ్చింది. సాగు లేదు, కాయలు కోయకుండా చెట్టు మీదే వదిలేశారు, సాక్ష్యంగా ఫొటోలు. కంచె జరిగి, చెట్లను గుట్టవాళ్ల వైపు కలుపుకుని నిలబడింది.

కంచె జరిపినవాడిదే పాపం. నేను అటూ ఇటూ తూచి మాట్లాడే దాన్ని కాను. కానీ ఉమ్ ఖలీల్‌కు ఉన్నవి రెండే రోజులని తెలిసీ, మొదటి రోజును రాయి తిప్పుకుంటూ తినేసిన వాళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ వెగటు.

కాగితం సంగతి తెలిసిన రోజు సిప్పోరా, గంగామణి ఉమ్ ఖలీల్ ఇంటికి పోయారు. కాళ్ల కింద వేద్దామని నన్నూ తీసుకుపోయారు. సిప్పోరా నోరు తెరిచింది. "నేను క్షమాపణ..."

"అది గూడ నేను ఒండిపెట్టి వినాల్నా?" అంది ఉమ్ ఖలీల్.

చాలాసేపు కూర్చున్నారు. ఆ ఇంట్లో కాఫీ రాలేదు. నీకు అర్థమవుతోందా బిడ్డా? పగవాడు గడప తొక్కినా కాఫీ ఇచ్చే ఇల్లు అది. కోడలు తలుపు దగ్గర నిలబడి అత్త మొహం చూసింది. అత్త తల అడ్డంగా ఊపింది.

ఆఖరికి ఉమ్ ఖలీల్ లేచి, "ఇంటెనక నాలుగు చెట్లున్నయ్," అంది. "ఎల్లుండి కోస్తం. నలభై మంది వద్దు. మీ ఇద్దరే రాండ్రి. బువ్వ మీరే తెచ్చుకోండ్రి. ముచ్చట వద్దు."

పోయారు. రొట్టెలు మూట కట్టుకుని పోయారు. సిప్పోరా మోకాళ్లు వంగవు కాబట్టి కింది కొమ్మలు ఆమెవి, నడిమి కొమ్మలు గంగామణివి, నిచ్చెన ఉమ్ ఖలీల్‌ది. పొద్దంతా ఎవరూ మాట్లాడలేదు. కాయలు నా మీద పడే చప్పుడు ఒక్కటే. మధ్యాహ్నం ముగ్గురూ రాతి గోడ మీద కూర్చుని ఎవరి రొట్టె వాళ్లు తిన్నారు. నన్ను ఖాళీగా వదిలారు, కాయలు ఉన్నాయని. సాయంత్రం ఉమ్ ఖలీల్ లోపలికి పోయి మూడు కప్పుల కాఫీ తెచ్చి గోడ మీద పెట్టింది. అది చూసి సిప్పోరా ఏడ్చింది. ఎందుకో చెప్పమని ఎవరూ అడగలేదు.

ఆ చలికాలంలోనే సిప్పోరా పోయింది. ముసలమ్మ లేకపోతే ఆ ఇంట్లో గంగామణికి ఉండే హక్కు లేదు. వారంలో ఇంకో ఊళ్లో ఇంకో ముసలాయన ఇంటికి పొమ్మన్నారు, ఒక్క సంచితో; నేను మిగిలిపోయాను. సిప్పోరా కూతురు ఇల్లు ఖాళీ చేస్తూ నన్ను చూసి, ఇది అమ్మ సంఘానిది కాబోలు అనుకుని ఎయాల్‌కు ఇచ్చేసింది.

అతను నన్ను ఇక్కడికి పంపాడు, ఇప్పుడు ఈ చల్లటి దేశంలో ఒక పెద్ద ప్రదర్శనశాల గోడకు వేలాడుతున్నాను. ముందు గాజు, పైన దీపం. గంగామణి రక్తం, బూట్ల మట్టి కడగకుండా అలాగే ఉంచారు. కింద అట్ట మీద రాశారట, దీని మీద రెండు జాతుల మనుషులు గుండ్రంగా కూర్చుని మనసులు కలుపుకున్నారని. పక్కనే ఆ నున్నటి రాయి కూడా పెట్టారు. చూసేవాళ్లు రాయి ముందు ఎక్కువసేపు నిలబడతారు. ఇద్దరు ఆడవాళ్లు, ఒక రైతమ్మ, నాలుగు చెట్లు, ఆ సంగతి ఎక్కడా లేదు.

నువ్వు ఇంటికి పోయాక ఎవరికైనా చెప్పు బిడ్డా. మీ పిల్లలకైనా, బీడీలు చేసుకుంటూ కూర్చున్న ఆడవాళ్లకైనా. కూర్చున్నవాళ్ల కథ వాళ్లే రాసుకున్నారు, దానికి నీ అవసరం లేదు. నాలుగు చెట్ల కింద ముగ్గురు ముచ్చట లేకుండా కాయలు కోసిన రోజును నువ్వు చెప్పు. పేర్లు మాత్రం తప్పు పోనీయకు. ఉమ్ ఖలీల్. సిప్పోరా. మా గంగామణి.