తిరగేసిన సంచి

“పేరు మీదికి కుట్టు రాకూడదు, చూసుకో,” అన్నాడు భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. “వెనక బెంచీల వాళ్లకు కూడా కనిపించాలి.”

ఆమె కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. పక్కన ముతక గుడ్డ ముక్కలు దొంతరగా ఉన్నాయి. ప్రెస్సువాళ్లు వాటి మీద ఎర్రటి అక్షరాలు అచ్చువేసి పంపారు. పైన చర్చి పేరు, కింద సంఘపెద్దగా అతని పేరు, ఆ కింద ‘కుటుంబ సమేతంగా’ అని. ఆ సమేతంలో ఎక్కడో తనూ ఉన్నాననుకుంటూ ఆమె సూదిలోకి దారం ఎక్కించింది.

పంట పోయిన రైతులకు ఆదివారం ఆరాధన అయ్యాక విత్తనాలు పంచుతారు. ఏటా తిండిగింజలే పంచేవాళ్లు. “తిండి పెడితే నెల గడుస్తుంది, మళ్లీ మన గుమ్మంలోకే రావాలి. అదే వానలకు ముందు విత్తనం ఇస్తే ఎవరి కూడు వాళ్లే పండించుకుంటారు కదండీ,” అని ఒకరోజు అతనికి కూర మారు వడ్డిస్తూ ఆమే అన్నది. “అవన్నీ నీకెందుకు, ముందు కూరలో ఉప్పు చూసుకో,” అన్నాడు. తర్వాతి వారం పెద్దల సమావేశంలో ఆ మాటే, గుమ్మంతో సహా, తన మాటగా చెప్పాడు. అందరూ ఆమెన్ అన్నారు. అప్పుడామె టీ కప్పులు అందిస్తోంది. మంచిమాట ఎవరి నోట ఉంటేనేం అనుకుంది. అలా అనుకోవడం ఆమెకు అలవాటే. పెళ్లయిన కొత్తలో డిగ్రీ కాగితం బీరువా అడుగున పెట్టినప్పుడు కూడా ఏదో ఒకటి అనుకునే పెట్టింది.

ఈసారి మాత్రం ఏమీ అనుకోలేకపోతోంది. పుచ్చుకోవాల్సిన వాళ్లలో ఆమె తల్లి ఉంది. తండ్రి పోయాక ఉన్న కాస్త చేనూ ఒంటిచేత్తో సాగుచేసుకుంటున్న మనిషి. పోయినసారి పంట ఎండిపోయింది, ఈసారి చల్లడానికి ఇంట్లో గింజ లేదు.

“అమ్మకు ఇంటికే పంపిద్దామండీ.”

“అందరితో పాటు వేదిక మీదికి వచ్చి తీసుకోమను. అత్తగారైనా ఒకటే, పైవాళ్లయినా ఒకటే అన్నట్టుంటుంది. ఫొటో కూడా బాగా వస్తుంది.”

ఆ సంగతి ఫోనులో చెబితే తల్లి, “అల్లుడుగారు బాగా ఎదిగారమ్మా, నేనే అంత ఎత్తు ఎక్కలేను,” అని నవ్వింది. తర్వాత, “బీడు పెట్టుకుంటాలే. చేను నన్నేమీ అడగదు,” అంది.

గుడ్డ మీది ఎర్ర అక్షరాలు చూస్తుంటే ఆమెకు చిన్నతనంలోని కరువు గుర్తొచ్చింది. విత్తనానికని దాచిన గింజలు అమ్మ వండిన రోజు. ఇంట్లో ఎవరూ పొయ్యి వైపు చూడలేదు. అన్నం తింటూ నాన్న ఏడ్చాడు, అమ్మ ఏడవలేదు. ఆ తర్వాతే చర్చి దగ్గర గింజల సంచి ఇచ్చారు. దాని మీద కూడా ఎవరిదో పేరుంది. అమ్మ దాన్ని మోసుకుంటూ ప్రహరీ వెనక్కి వెళ్లింది, తలగుడ్డ పరిచి గింజలు దాని మీద పోసింది, సంచిని లోపలిది బయటికి తిరగేసి మళ్లీ నింపింది. సంచి మూతి పట్టుకున్నది తనే. “ఎందుకమ్మా?” అనడిగితే, “లోపలివైపు శుభ్రంగా ఉందే,” అంది అమ్మ.

ఆమె మొదటి గుడ్డ చేతిలోకి తీసుకుంది. పేరును లోపలికి మడిచి కుట్టింది. రెండోదీ అంతే. సాయంత్రానికి అన్నీ అలాగే కుట్టింది.

శనివారం విత్తనాలు నింపడానికి వచ్చిన ఆడవాళ్లు సంచులను అటూ ఇటూ తిప్పి చూశారు. పాస్టరమ్మగారు ఒకదాని మీద చెయ్యి వేసి నిమిరి, “కుట్టు గట్టిగా ఉందమ్మా,” అంది. అందరూ గింజలు నింపడానికి కూర్చున్నారు.

ఆదివారం అతను వేదిక మీద మొదటి సంచిని కెమెరా వైపు ఎత్తి పట్టుకున్నాడు, తిప్పాడు, మళ్లీ తిప్పాడు. ఎటు చూసినా ఉత్త గుడ్డ. తీసుకున్న ముసలాయన దాన్ని భుజానికెత్తుకుని, ఎప్పుడూ వెళ్లే వెనకదారి వదిలేసి, పెద్ద గేటు లోంచి నడుచుకుంటూ వెళ్లాడు. తల్లి రాలేదు. ఆమె సంచి ఒక్కటీ బల్ల మీద మిగిలిపోయింది.

“తిరగామరగా కుట్టిపెట్టావు. మనసెక్కడ పెట్టుకున్నావు?” అన్నాడు ఇంటికొచ్చాక.

“పెట్టాల్సిన చోటే పెట్టానండీ.”

అతనికి అర్థం కాలేదు. మర్నాడు ఆమె మిగిలిన సంచి తీసుకుని బయల్దేరుతుంటే, “రాత్రికి పెద్దలు భోజనానికొస్తున్నారు, సాయంత్రం బస్సుకే వచ్చెయ్,” అని మాత్రం చెప్పాడు.

తల్లి సంచి విప్పి గింజలు చేటలో పోసుకుంది. ఒకటి నోట్లో వేసుకుని కొరికి చూసింది. “మొలుస్తాయి,” అంది. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే, ఏళ్ల నాటి అలవాటు కొద్దీ, ఖాళీ సంచిలోకి చెయ్యి పోనిచ్చి తిరగేసింది.

ఎర్రటి అక్షరాలు బయటపడ్డాయి.

కూతురు అన్నీ ఆలోచించింది, ఈ ఒక్కటి ఆలోచించలేదు. తల్లి కూడబలుక్కుంటూ పేరంతా చదివింది. మొహంలో కోపమూ లేదు, సిగ్గూ లేదు. బొటనవేలితో సంచి అంచు వెంట మెల్లగా తడుముతూ పోయి, మూల దగ్గర ఆగింది. అక్కడ కుట్టు రెండుసార్లు తిరిగి ముడిపడింది. ఆ కుట్టు కూతురికి నేర్పింది తనే.

“పనంతా నీది,” అంది. “మరి నీ పేరెక్కడే?”

కూతురు చేటలోని గింజలు గుప్పిట్లోకి తీసుకుంది. “నేల పదును మీదుందా అమ్మా?” అని అడిగింది.

“రాత్రే జల్లు పడింది.”

కూతురు సంచిని మళ్లీ ఉత్తవైపుకు తిరగేసి, గింజలు నింపి, భుజాన వేసుకుంది. చెప్పులు గుమ్మం దగ్గరే వదిలేసింది. తల్లీకూతుళ్లు చెరో చాలు పట్టి చల్లుకుంటూ పోతుంటే, రోడ్డు మీద సాయంత్రం బస్సు వచ్చి ఆగింది. హారన్ కొట్టింది. కాసేపు చూసి వెళ్లిపోయింది.