దొరకు జాగ దొరికింది

ఆ రోజు లొల్లి సగం రొట్టె మీద మొదలైంది. మా ఆయన జగదీశ్ ఇంకో జొన్నరొట్టె అడిగితే అయిపోయినయి అన్నాను. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చిన మనిషికి, వంటింటి గడప దగ్గర పళ్లెం పెట్టుకొని ఆఖరి రొట్టెను రెండుగా తుంచి ఒక సగం కుక్క గిన్నెలో వేస్తూ కనబడ్డాను.

"నాకైతే లేదంటివి. దొరకైతే ఉన్నదా?" అన్నాడు.

ఈ రొట్టె నాది, నా దాంట్లో సగం ఎవరికైనా పెట్టుకుంటాను అన్నాను. ఇంట్లో రొట్టెలల్ల నీవీ నావీ ఎప్పటినుంచి వచ్చినయని అడిగాడు. అత్తమ్మ బాలనాగమ్మ టీవీ ముందు నుంచి కదలకుండానే తీర్పు చెప్పింది, అడిగినోనికి లేదని అడగనిదానికి పెట్టుడేందని. కుక్క మాత్రం ఎవరి వైపూ మాట్లాడకుండా తన సగం తినేసింది.

మా ఇంట్లో జొన్నరొట్టె పెనం మీది నుంచి నేరుగా పళ్లెంలోకి రావాలి. చల్లారితే అట్టముక్క అంటాడు మామయ్య భీమన్న. కాబట్టి చేసేవాళ్లు పొయ్యి దగ్గర ఉండాలి, తినేవాళ్లు పళ్లెం ముందు ఉండాలి. రెండూ ఒక్కరే కావడం కుదరదు. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు, రొట్టెతో పాటు వచ్చిన చిక్కు అని ఇన్నాళ్లూ నమ్మాను. అందరూ లేచాక నా పళ్లెం, కుక్క గిన్నె పక్కపక్కన పెట్టుకొని, అప్పటికి అట్టముక్కైపోయిన రొట్టెను మేమిద్దరం తింటాం.

దొర అంటే మా కుక్కే. బెల్లం రంగు లాబ్రడార్. మా ఆయనకు హైదరాబాద్‌లో స్నేహితుడెవరో ఇస్తే, గద్వాల దాకా ఒళ్లో పెట్టుకొని తెచ్చాడు. ఆ పేరు పెట్టింది మామయ్య. ధరూర్ దగ్గరి మా ఊళ్లో, చిన్నప్పుడు దొర ఇంటి ముందర చెప్పులు చేతబట్టుకొని నడిచిన మనిషి ఆయన. ఇప్పుడు కుర్చీలో కాళ్లు చాపుకొని "దొరా, ఇట్ల రా. దొరా, కూసో" అని హుకుం చేస్తుంటే ఆ ముఖంలో వెలుగు చూడాలి. తెచ్చింది కొడుకు, పేరు పెట్టింది తండ్రి. ఫొటోలు తీసి పంపమనేది హాస్టల్లో ఉన్న మా అమ్మాయి సింధు. స్నానం, సూదులు, చెవుల్లో గోమార్లు ఏరడం, పటాకులు కాల్చిన రోజు మంచం కిందికి దూరి పక్కన పడుకోవడం, ఇవన్నీ ఎవరివో ఎన్నడూ చర్చకు రాలేదు. "ఊకనే ఇంట్లనే ఉంటవ్ గద," అని మా ఆయన ఒకసారి అన్నాడు. ఆ ఒక్కసారికే సరిపోయింది.

దొరకు ఒక పాడలవాటు ఉందని కూడా మేమంతా అనుకునేవాళ్లం. ముందే అన్నం పెడితే ముట్టదు. గిన్నె ముందు కూర్చొని వంటింట్లోకి చూస్తుంటుంది. కొవ్వెక్కిందనేవాడు మా ఆయన. కూర కోసం చూస్తుందని నేను సర్దిచెప్పేదాన్ని.

రొట్టె లొల్లి అయిన మర్నాడే రేఖ ఫోన్ చేసింది. వనపర్తిలో డిగ్రీ చదివేటప్పుడు బోటనీ క్లాసులో మేమిద్దరం ఒకే బెంచీ. ఇప్పుడది అచ్చంపేటలో లెక్చరర్. తన పిల్లలను నల్లమలకు తీసుకుపోయి, వారం రోజులు చెట్లను గుర్తుపట్టించే క్యాంపు పెడుతోంది. "పువ్వుంటె నేను చెప్త. ఉత్త ఆకు చూసి చెప్పాలంటె నువ్వే రావాలె," అంది. నిరుడూ పిలిచింది. నిరుడు నేను వెళ్లలేదు. ఇప్పటికీ బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే నా పెదవులు వాటంతటవే చెట్ల పేర్లు అనుకుంటూ ఉంటాయి. నల్లమద్ది, ఏగిస, బిల్లుడు. పక్కన కూర్చున్నవాళ్లు జపం చేస్తున్నాననుకుంటారు.

మా ఆయన ఎన్నడూ వద్దనడు. ఆ గుణాన్ని మా అమ్మ నలుగురిలో చెప్పుకుంటుంది కూడా. "నేను వద్దంటున్ననా? పో. మంచిగ తిరిగి రా. గాని దొరను ఎవరు చూస్తరు?" అన్నాడు. నిరుడూ అచ్చం ఇదే మాట. అత్తమ్మ, మాదేమున్నది బిడ్డా, ఇంత ఉడకేసుకొని తింటం, ఆ నోరులేని జీవానిదే పరేషాన్ అంది. దొర బెంగటిల్లుతడని మామయ్య నిట్టూర్చాడు. ముగ్గురూ కలిసి కుక్కను ముందు నిలబెట్టి తాము దాని వెనక నిలబడ్డారు. ఒక్క కుక్క చాటున అంత పెద్ద మనుషులు ముగ్గురు ఎలా పట్టారో.

సరే, దొరదే కదా ఇబ్బంది, దాని సంగతే చూద్దామనుకున్నాను. వనపర్తికి పోయినప్పుడల్లా పెబ్బేరు రోడ్డు మీద కనబడే ఒక బోర్డు ఉంది. రోజా కుక్కల హాస్టల్. దాని కింద, "మీరు ఊరికి పోతున్నారా? మేమున్నాం." పెయింటరు పిల్లల హాస్టళ్ల బోర్డులు రాసి రాసి అలవాటైనవాడేమో, బొమ్మలోని కుక్క వీపుకు స్కూలు బ్యాగు కూడా తగిలించాడు. దొరను ముందు ఒక రోజు పెట్టి చూస్తానని ఇంట్లో చెప్పాను. ఆ మాట మధ్యాహ్నానికల్లా మా ఆయన ఎరువుల దుకాణం దాకా పోయింది, సాయంత్రానికి తిరిగొచ్చింది. విత్తనాల కోసం వచ్చిన రైతులు పడీ పడీ నవ్వారట. ఏసీ రూమా, నాన్ ఏసీనా అని ఒకరు, ఇంటర్ల సీటు దొరికిందా అని ఇంకొకరు. మనుషులకే దిక్కు లేదు, కుక్కలకు లాడ్జీలా అని ఒక పెద్దమనిషి బాధపడ్డాడట. అక్కడ కుక్కను మార్చి వేరేది ఇస్తారని అత్తమ్మకు ఎవరో చెప్పారు. దొర తోకకు ఎర్రదారం కట్టమంది.

సింధును హాస్టల్లో వేసిన నాడు ఎవరూ నవ్వలేదు. మామయ్య కొత్త పెట్టె కొనిచ్చాడు. పిల్లను పంపితే చదువు, కుక్కను పంపితే వేడుక.

పక్కింటి దశరథం సారు రిటైరైన టీచరు, ఊరికే నవ్విపోయే మనిషి కాదు. ప్రహరీ అవతలి నుంచి నెమ్మదిగా అడిగాడు. "ఇంట్ల ఆడమనిషి ఉండంగ కుక్కకు హాస్టలేందమ్మా?"

నాకు కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. ఎందుకంటే ఇన్ని రోజుల వేళాకోళంలో అసలు మాట అన్నది ఆయనొక్కడే. అంటే ఊరందరికీ తెలుసు. కుక్కల హాస్టలు కొత్తదేమీ కాదు, ప్రతి ఇంట్లోనూ ఒకటి నడుస్తూనే ఉంది, కాకపోతే దానికి బోర్డు లేదు. కుక్కల హాస్టలే కాదు, ముసలివాళ్లది, పిల్లలది, ఇంటికొచ్చే చుట్టాలది కూడా. ఆ బోర్డు మీది రోజా చేసిన తప్పల్లా బోర్డు పెట్టడమే. "ఆడమనిషి ఊరికి పోతున్నది సార్, అందుకే," అన్నాను. ఆయన తల ఊపి, ఏ ఊరికని అడిగాడు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆయన నన్ను ఏ ఊరికని అడగడం అదే మొదలు.

శనివారం పొద్దున శంకరయ్య ఆటో మాట్లాడుకొని దొరను ఎక్కించాను. దవాఖానకా అక్కా అన్నాడు. హాస్టల్‌కన్నాను. పెబ్బేరు దాకా ఉండి ఉండి నవ్వుతూనే ఉన్నాడు. పెబ్బేరు దాటాక నవ్వు ఆపి, అద్దంలో నన్ను చూసి, "బర్రెలను గూడ పెట్టుకుంటరా అక్కా?" అన్నాడు. ఎందుకన్నాను. "బర్రె ఉన్నదని మా ఇంటామె తల్లిగారింటికి పోతలేదు. అది వేరేటోళ్లకు పాలియ్యదు," అన్నాడు.

రోజా నాకంటే చిన్నది, గలగలా మాట్లాడుతుంది. పుణెలో పెళ్లైన కొత్తలో భర్త జాన్ బిల్డింగు పనికి పోతే తను ఒక కుక్కల హాస్టల్లో పని చేసిందట. తిరిగొచ్చి తమ సొంత జాగాలోనే రేకుల షెడ్డు వేశారు. చుట్టాలు కుక్కల రోజా అని పిలుస్తారని తనే చెప్పి తనే నవ్వింది. "ముందుగాల బాధైతుండె అక్కా. ఇప్పుడు గా పేరు చెప్తెనే ఆటోవోళ్లు తీసుకొస్తుండ్రు." ఒక మాట ఇంకా చెప్పింది. కుక్కలను దింపడానికి ఎక్కువగా మగవాళ్లే వస్తారట, షెడ్డు ముందు ఫొటో దిగుతారట, ఏం తింటది సార్ అని అడిగితే మాత్రం పక్కకు పోయి భార్యకు ఫోన్ చేస్తారట.

నన్నూ అడిగింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. పెరుగన్నం ఇష్టం, మిరియాల వాసన పడదు, ఎడమ చెవి ముట్టనివ్వదు, ఉరిమితే చెయ్యి వేసి ఉంచాలి, గిన్నె గడప పక్కనే పెట్టాలి, స్టీలు గిన్నె జరిగితే చప్పుడుకు భయపడుతుంది. చెబుతూ చెబుతూ నాకే ఆశ్చర్యం వేసింది. ఇన్ని సంగతులు నా దగ్గర ఉన్నాయని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఇంకా చెప్పక్కా అంటూ రోజా గడ్డం కింద చెయ్యి పెట్టుకొని వింటోంది. మామయ్యకు ఏ మాత్ర పడదో, జగదీశ్‌కు ఏ చొక్కా మెడ దగ్గర ఒరుసుకుంటుందో కూడా చెప్పేసేదాన్నే, మధ్యలో ఆగాను.

ఆదివారం పొద్దున మేము ఉప్మా తింటుండగా, అంటే వాళ్లు తింటుండగా, రోజా ఫోన్ వచ్చింది. "అక్కా, దొర నిన్నటి నుంచి ముద్ద ముట్టలే. ఆడుతుండు, నీళ్లు తాగుతుండు. గిన్నె ముంగట కూసొని నా దిక్కే చూస్తుండు."

మా ఆయన చెంచా కింద పెట్టాడు. విజయం మనిషి ముఖంలో ఎంత జాలిగా కనబడగలదో అప్పుడే చూశాను. "నేను చెప్పలే? నువ్వు లేకుంటె అది బతకదు," అన్నాడు. పోయి తీసుకరా బిడ్డా, ఉసురు తగుల్తది అంది అత్తమ్మ. మామయ్యకు కళ్లలో నీళ్లే తిరిగాయి. నల్లమల నా నుంచి మళ్లీ ఒక ఏడాది దూరం జరిగిపోవడం నాకు తెలుస్తూనే ఉంది.

గిన్నె ఎక్కడ పెట్టావని అడిగాను. నేను చెప్పినట్టే గడప పక్కన పెట్టి, మిగతా కుక్కలకు పెట్టడానికి పోయానంది. వింటూ వింటూ నేను మా గడప వైపు చూశాను. రోజూ నేను కూర్చునే చోటు. నా పళ్లెం జాగా, పక్కన దాని గిన్నె జాగా. వంటింట్లోకి చూసే ఆ చూపు గుర్తొచ్చింది. కూర కోసం కాదు. పొగరూ కాదు.

"రోజా, నువ్వు తిన్నవా?" అన్నాను.

"ఇంకెక్కడ అక్కా. అన్నిటికి పెట్టినంక."

"నీ పళ్లెం తెచ్చుకొని దాని పక్కన కూసో. నువ్వు తినుడు మొదలుపెట్టు."

పళ్లెం కింద పెట్టిన చప్పుడు వినబడింది. తర్వాత కొంచెం సేపు ఏమీ లేదు. ఆ తర్వాత మా ఇంట్లో నలుగురికీ బాగా తెలిసిన చప్పుడు, దొర ఆబగా గిన్నె నాకేస్తున్న చప్పుడు, ఫోన్ నిండా వచ్చింది. దాని మీదుగా రోజా నవ్వు. "ఇదేంది అక్కా, నేను కూసుంటెనే తింటుండు!"

కుక్కలకు గట్లనే ఉంటయి కొన్ని అని మా ఆయన మళ్లీ చెంచా అందుకున్నాడు. నేను పోయి దొరను తెచ్చాను. దారిపొడవునా దాని తల నా ఒళ్లోనే. తోకకు ఎర్రదారం భద్రంగా ఉంది, కాబట్టి అత్తమ్మ కూడా ఒప్పుకుంది, ఇది మన దొరేనని.

ఆ సాయంత్రం రొట్టెలన్నీ ముందే చేసి, బట్టలో చుట్టి డబ్బాలో పెట్టాను. వంకాయ కూర, పల్లీల పొడి, పెరుగు తెచ్చి మధ్యలో పెట్టాను. దొర గిన్నె గడప దగ్గర పెట్టాను. అప్పటికే ముగ్గురూ తినడం మొదలుపెట్టారు. నేను నాలుగో పళ్లెం తెచ్చుకొని వాళ్ల మధ్యన కూర్చున్నాను. నేను కూర్చున్న క్షణంలోనే గడప దగ్గర గిన్నె చప్పుడైంది. ముగ్గురూ అటు చూశారు, తర్వాత నన్ను చూశారు.

"రేపు పొద్దున రోజా దగ్గర దొరను దింపి, అట్లనే నాగర్‌కర్నూల్ మీంచి అచ్చంపేట పోతున్న," అన్నాను. "వారం ఉంట. దొరకు జాగ దొరికింది."

మామయ్య నమిలేది ఆపాడు. మా ఆయన అత్తమ్మ వైపు చూశాడు, అత్తమ్మ కూర వైపు చూసింది. ముందు నిలబెట్టుకోవడానికి ఇప్పుడు ఎవరికీ కుక్క లేదు.

"దొరకంటె దొరికింది," అన్నాడు మా ఆయన చివరికి. "మరి మాకు?"

"రోజాను అడిగిన. మనుషులను పెట్టుకోరంట."

అత్తమ్మ పుసుక్కున నవ్వింది, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆయన నవ్వలేదు. నిజంగానే అడిగాడు, గొంతు తగ్గించి. "నువ్వు లేకుంటె మేమెట్ల తినాలె, నవనీతా?"

"నేను లేకుంట తినుడు మీకు రోజు అలవాటే గద," అని, డబ్బాలోంచి పైనున్న వేడి రొట్టె తీసి నా పళ్లెంలో వేసుకున్నాను.