తొమ్మిదో మెట్టు

పొద్దున తొమ్మిదయ్యేసరికి అతను పైన ఇస్త్రీ చొక్కా, కింద నిక్కరుతో కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. బీమా కంపెనీకి వచ్చే దరఖాస్తులు ఇంట్లోంచే పరీక్షించి పంపడం అతని పని. పాత ఇంటి అద్దె జీతంలో సగం మింగేస్తోందని, మెకానిక్కులూ కుట్టుపనివాళ్ళూ ఉండే ఈ పేటలో మొదటి అంతస్తు గదికి మారాడు. చేరిన వారానికే మేడలో అందరికీ ‘కంప్యూటర్ బాబు’ అయిపోయాడు.

చేరిన రోజే, పై వాటాలో ఉండే ఇంటి యజమానురాలు మామ్మ తాళాలిస్తూ చెప్పింది. “నీళ్ళు సాయంత్రం ఆరింటికి వస్తాయి బాబూ. మెట్ల మీద మాత్రం చూసి మాట్లాడు.”

ఆ మెట్ల మీద అన్న మాట అక్కడే ఉండిపోతుంది. కాలు పెడితే వినిపిస్తుంది. పదిమందీ తొక్కగా తొక్కగా అరిగిపోతుంది. కింద వాటాలో వెల్డరు పనికి పోతూ, “తాళం మామ్మకిచ్చా, పప్పు నానబెట్టు” అని రెండో మెట్టు మీద చెప్పి పోయేవాడు. అతని భార్య మధ్యాహ్నం వచ్చి ఆ మెట్టెక్కి, విని, విసుక్కుని, పప్పు నానబెట్టేది.

ఒకరోజు గదిలో సిగ్నల్ పోయింది. అటు మేనేజరు ఫోను. అతను మాట్లాడుతూనే మెట్ల మీదికి పరిగెత్తాడు.

“ఏంటయ్యా ఆ గోల? ఎక్కడున్నావు నువ్వు?” అన్నాడు మేనేజరు. కింద వీధిలో వెల్డరు ఇనుము కోస్తున్నాడు.

“తప్పనిసరై వచ్చాను సార్, కొన్నాళ్ళే. చదువూ సంధ్యా లేని జనం. నేను ఇలాంటి మనుషుల మధ్య పెరగలేదు.”

మర్నాడు కిందికి దిగుతూ తొమ్మిదో మెట్టు మీద కాలు పెట్టాడో లేదో, తన గొంతే, తన మాటే. నిప్పు తొక్కినట్టు కాలు తీసేశాడు. వారం రోజుల్లో జనమే తొక్కి అరగదీస్తారులే అని మనసుకి సర్దిచెప్పుకుని, తను మాత్రం ఆ మెట్టు దాటి నడవసాగాడు.

మూడు వారాలైనా మాట అరగలేదు. ఎందుకన్నది ఒక సాయంత్రం తలుపు సందులోంచి చూస్తే తెలిసింది. మామ్మ కమ్మీ పట్టుకుని, పళ్ళు బిగించి, నొప్పి మోకాలిని ఎత్తి తొమ్మిదో మెట్టు దాటుతోంది. వెనక వెల్డరు భార్య మామ్మ నీళ్ళ బిందె మోస్తూ దాటింది. ఎవరైనా తొక్కితే లోపలున్న అతనికి వినబడి చిన్నబోతాడని వాళ్ళ మొహమాటం. అతను తలుపు మెల్లగా మూశాడు.

ఆ నెలాఖరున అమ్మ వచ్చింది. అతను మీటింగులో ఇరుక్కుని ఎదురు వెళ్ళలేకపోయాడు. తెరిచిన తలుపులోంచి మామ్మ గొంతు వినిపిస్తోంది.

“అమ్మాయ్, ఆ తొమ్మిదో మెట్టు దాటి ఎక్కు.”

“విరిగిందా పిన్నిగారూ?”

“విరగలేదు గానీ...”

అమ్మ చేతిలో సంచి. ఇరవై రెండేళ్ళు ఆసుపత్రి లాండ్రీలో నిలబడి దుప్పట్లు ఉతికిన కాళ్ళు. అంతెత్తు లేవవు. మెట్టు మీదే పెట్టింది. నేను ఇలాంటి మనుషుల మధ్య పెరగలేదు అన్న అతని గొంతు పైదాకా వచ్చింది. అమ్మ రెండో కాలు కూడా అక్కడే పెట్టి, మొత్తం విని, అప్పుడు పైకొచ్చింది.

“బాత్రూం ఎటురా? కాళ్ళు కడుక్కోవాలి” అంది.

ఆ పూట ఆమె దాని ఊసే ఎత్తలేదు. అతని చొక్కాలు మడతపెడుతూ, “కాలర్ దగ్గర ముడత ఉండిపోతోంది. వెనకవైపు నుంచి రుద్దు” అని మాత్రం చెప్పింది. అతను మూడుసార్లు “అమ్మా, అదీ...” అన్నాడు. మూడుసార్లూ ఆమె ఇంకో చొక్కా అందుకుంది.

తెల్లారి లేచేసరికి అమ్మ పక్క ఖాళీగా ఉంది. బయట తన గొంతు పదేపదే వినిపిస్తోంది. పరుగున వెళ్ళి చూస్తే, అమ్మ కమ్మీ పట్టుకుని ఆ ఒక్క మెట్టునే ఎక్కుతోంది, దిగుతోంది. చీలమండలు వాచిపోయాయి.

“ఏం పనమ్మా ఇది!”

“నీ పరువు కోసం ఆ పెద్దావిడ మోకాలు అరగదీసుకుంటోంది. నా కొడుకు మాటేగా, నేను అరగదీస్తా.”

“నువ్వు పైకి రా. నేను తొక్కుతాను.”

ఆమె మెట్టు వదిలి పైకొచ్చింది. పది రోజులుందామని వచ్చిన మనిషి, సంచి విప్పకుండానే మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయింది. సంచి మోస్తానంటే ఇవ్వలేదు.

ఆనాటినుంచి భోజనం వేళ దొరికే ముప్పావుగంటా అతను మెట్టు మీదే. ఎక్కిన ప్రతిసారీ తన మాట తనకి, తలుపులు తీసి ఉన్న ఇళ్ళన్నిటికీ వినబడేది. చెవులు కాలిపోయేవి. ఒకరోజు వెల్డరు చేతులు తుడుచుకుంటూ వచ్చి అడిగాడు.

“నేనూ కాసేపు తొక్కనా బాబూ? ఇద్దరమైతే తొందరగా తెములుతుంది.”

“వద్దన్నా” అన్నాడు, తల ఎత్తకుండా. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

‘చదువూ సంధ్యా’ అరిగిన వారంలో మేనేజరు ఫోన్ చేశాడు. ప్రమోషను వచ్చింది, ఒకటో తారీఖు నుంచి పెద్దాఫీసులో కూర్చోవాలి.

“రాలేను సార్. ఇక్కడ పనొకటి మిగిలింది.” వెంటనే మళ్ళీ అన్నాడు. “సార్, ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను. మా అమ్మ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికేది. నేను ఇలాంటి పేటలోనే పెరిగాను.”

“ఓహో. సరేగానీ, నిన్నటి ఫైళ్ళు పంపావా?” అన్నాడు మేనేజరు.

ఇన్నేళ్ళూ అతను దాచిన సంగతి అవతలివాడికి అంతే. ఆ ప్రమోషను ఇంకెవరికో ఇచ్చారు.

ఆదివారం అమ్మకి ఫోన్ చేశాడు. కాళ్ళ నొప్పులూ కూరగాయల ధరలూ అయ్యాక ఆమే అడిగింది.

“మెట్టు ఎలా ఉంది?”

“చాలావరకు పోయిందమ్మా. ‘పెరగలేదు’ అన్న ఒక్క మాటే మిగిలింది.”



“అదీ పోయాక చెప్పు,” అంది అమ్మ. “వస్తాను.”