నాకేం అభ్యంతరం

"నాకేం అభ్యంతరం?" అనే మాట బావగారి నోటి నుంచి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు గానీ, కాగితం మీదికి మాత్రం ఒక్కసారీ దిగలేదు.

చిన్నకోడలు అడిగింది మేడలూ మిద్దెలూ కాదు. ఇంట్లో ఉన్న ఒక్క బాత్రూమూ పైన ఉంది. అత్తగారి మోకాళ్ళు ఎప్పుడో చేతులెత్తేశాయి. ఆవిడ మెట్లు పాకుతూ ఎక్కి, కూర్చుని జరుగుతూ దిగుతోంది. ఒక్కోసారి మధ్యలోనే ఆగలేక, మొహం గోడకు తిప్పుకుని ఏడుస్తోంది. కింద ప్రహరీకి ఆనించి చిన్న బాత్రూం కట్టుకుంటామంటే, పక్కింటివాళ్ళు అభ్యంతరం లేదని రాసిస్తేనే అనుమతి అన్నారు ఆఫీసులో. అనుమతి రాందే గునపం పట్టనని మేస్త్రీ తెగేసి చెప్పాడు. పక్కింటాయన పరాయివాడా? అత్తగారి పెద్దకొడుకే. సంతకానికేం భాగ్యం అనుకుంది పిచ్చిది.

కాగితం పట్టుకుని వెళ్ళేసరికి బావగారు భోంచేసి త్రేన్చుతూ కూర్చున్నాడు. అందుకుని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత దాని మూలను సన్నగా చుట్టి చెవిలో పెట్టి తిప్పుకున్నాడు. బయటికి తీసి, ఏం వచ్చిందో చూసుకుని, మళ్ళీ ఆమె చేతికే ఇచ్చాడు.

"నాకేం అభ్యంతరం అమ్మా? మా అమ్మ కోసమేగా. తీరిగ్గా ఉన్నప్పుడు పట్రా, చూద్దాం."

ఇంటికొచ్చి ఆమె సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది. లారీ మీద ఊళ్ళు తిరిగే భర్తకు ఫోన్ చేస్తే, అన్నయ్యే కదా, మెల్లిగా అడగమన్నాడు. మెల్లిగానే అడిగింది, నెలల తరబడి. అంతదాకా మా మరుగుదొడ్డి వాడుకోమని బావగారు మాటవరసకైనా అనలేదు. ఓసారి ముసలావిడ ఆగలేక అటు వెళ్తే తలుపుకి తాళం ఉంది. కంపు చేస్తుందని పెద్దకోడలు వేయించిందట. అలాంటి మనిషికి 'గారు' తగిలించి పిలవాల్సి వస్తున్నందుకు చిన్నకోడలికి తన నోటి మీదే రోత పుట్టింది.

చివరికి ఆఫీసులో గోడు వెళ్ళబోసుకుంటే, హద్దు కొలిపించుకుని కాస్త లోపలికి జరిగి కట్టుకోండి, అప్పుడు ఎవరి సంతకమూ అక్కర్లేదన్నారు. సర్వేయరు వచ్చి తాడు లాగాడు. తాడు ప్రహరీ దగ్గర ఆగలేదు. గోడ దాటి, బావగారి పెరట్లోకి పోయి, ఆయన మరుగుదొడ్డి గుమ్మం మీదుగా సాగింది. లోపల కూడా చూడాలని సర్వేయరు తాళం తీయించాడు. గుమ్మం బావగారిది, లోపలున్నదంతా తమ్ముడిది.

ఆ ప్రహరీ తమ్ముడు ఊళ్ళో లేనప్పుడు బావగారే కట్టించాడు. సంతకం పెడితే ఎక్కడ కొలతలు తవ్వుతారోనని ఇన్నాళ్ళూ నాన్చాడన్నమాట. తల్లి మెట్ల మీద పాకుతుంటే, ఈయన రోజూ ఆమె చిన్నకొడుకు స్థలంలో హాయిగా కూర్చుంటున్నాడు.

ఈ హద్దు తగాదా తేలేదాకా అనుమతి ఆగుతుందని, బావగారు సంతకం పెడితే మాత్రం వెంటనే వస్తుందని చెప్పి సర్వేయరు వెళ్ళాడు. ఆయన వెళ్ళగానే బావగారు గొంతు తగ్గించాడు. "ఒకరికొకరం రాసుకుందామమ్మా. నా దొడ్డి జోలికి మీరు రాకండి, నీ కాగితం మీద నేనూ సంతకం పెట్టేస్తా."

కన్నతల్లి అవసరాన్ని కూడా బేరం పెట్టాడు. అయినా ఆమె తలూపబోయింది. అత్తగారిని ఇంకొక్క రోజు ఆ మెట్లెక్కించే ఓపిక ఆమెకు లేదు.

అంతలో వరండాలో కూర్చుని అంతా వింటున్న ముసలావిడ కర్ర పట్టుకుని లేచింది. ఎవరి వంకా చూడకుండా, కాలు ఈడ్చుకుంటూ పెద్దకొడుకు పెరట్లోకి నడిచి, తాళం తీసి ఉన్న ఆ దొడ్డిలోకి వెళ్ళి గడియ వేసుకుంది.

బావగారు తలుపు తట్టాడు. బతిమాలాడు. కాసేపటికి పొట్ట పట్టుకుని మరీ తట్టాడు.

"సంతకం పెట్టిందాకా నేను రానురా," అంది లోపలి నుంచి ఆవిడ. "మన చిన్నాడి స్థలంలో నేను కూర్చుంటే నీకేమన్నా అభ్యంతరమా?"

బావగారు పెన్ను కోసం చెయ్యి చాపాడు. చిన్నకోడలు ఆ పాత కాగితమే తెచ్చింది. చెవిలో తిప్పిన మూలను ఆయన వైపుకు పెట్టి, శుభ్రంగా ఉన్న మూలను తను పట్టుకుంది.